నిప్పు లేని పొయ్యి

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్లు ఈయనకిచ్చింది. ఏటా ఒకటిస్తారు. ఈయన ఒక్క అక్షరం రాయరు, అది బీరువా మీద దుమ్ము తింటూ పడి ఉంటుంది. ఈసారి నేను తీసుకున్నాను. ఎవరితోనూ అనలేని మాట ఒకటుంది. ఇక్కడ అంటే ఎవరూ వినరు.

అరుణశ్రీ కరెంటు కెటిల్ కొనుక్కుంది.

కొనుక్కుంటే ఏమైంది? ఏమీ కాలేదు. మా మరిది నవీన్ పెళ్లాం తను. ఈ ఇంటికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. విజయనగరంలో ఆసుపత్రిలో నర్సు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి నా పొయ్యి ఆరిపోయి, గట్టు కడగడం కూడా అయిపోయి ఉంటుంది. తన టీ ఫ్లాస్కులో పోసి ఉంచుతాను. ఆ టీ గొంతు దిగడం లేదట. మేడ మీద గదిలో తనే పెట్టుకుంటుందట.

"నీకూ పని తగ్గుతాది కదక్కా" అంది.

పని తగ్గించమని నేనెప్పుడు అడిగాను?

ఫిబ్రవరి 5, బుధవారం

కెటిల్ గురించి కాదు నా బాధ. అది రాసుకుందామనే కూర్చున్నాను.

పాతపట్నంలో మా పుట్టింట్లో కూడా ఇలాగే మొదలైంది. మా చిన్నన్నయ్య పెళ్లాం చంటిదాని పాలకోసమని కిరసనాయిల్ స్టవ్ గదిలో పెట్టుకుంది. మొదట పాలు. తర్వాత టీ. తర్వాత ఒకరోజు ఒంట్లో బాగాలేదని చిన్న గిన్నెతో అన్నం. ఆ తర్వాత వరసగా అన్నీ వచ్చేశాయి. ఇప్పుడు హాలు మధ్యలో గోడ ఉంది. పుట్టింటికి వెళ్తే ఏ గుమ్మం ముందు చెప్పులు విప్పాలో తెలియక వీధిలో నిలబడతాను.

ఈ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అన్నదమ్ములు వేరు పడితే చిన్నకోడలు పెద్దకోడలి దగ్గరకి వచ్చి నిప్పు అడగాలి. పెద్దకోడలు తన పొయ్యిలోంచి పెంకు మీద నిప్పు తీసి ఇవ్వాలి. ఆ నిప్పుతోనే కొత్త పొయ్యి ముట్టించాలి. గ్యాసు వచ్చాక కూడా ఈ మాట పోలేదు. నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్త దాలమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పింది, చిన్నోడి పెళ్లాం నిన్ను నిప్పు అడిగే రోజు రాకూడదు, అది నీ పూచీ అని. అప్పటికి నవీన్ నిక్కరేసుకుని గోళీలాడుతున్నాడు.

నా పూచీ. అత్త ఆ మాట అనేసి మర్చిపోయిందేమో, నేను మర్చిపోలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

కెటిల్ చూశాను. మేడ మీద బట్టలు తీయడానికి వెళ్లినప్పుడు. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. మూత ఊగుతోంది. ఎక్కువ కాలం ఉండదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఈ ఇంట్లో టీకి ఒక వరస ఉంది. ముందు ఈయనకి, పొలం నుంచి రాగానే. తర్వాత అత్తకి. నవీన్‌కి. అరుణశ్రీకి గ్లాసులోనో ఫ్లాస్కులోనో. అందరి గ్లాసులూ తిరిగొచ్చాక గిన్నెలో మిగిలింది నాది. అప్పటికి పైన మీగడ కట్టి ఉంటుంది. వేలితో తీసేసి, గట్టు దగ్గర నిలబడి ఒక్క గుక్కలో తాగేసి గిన్నె కడిగేస్తాను. నాకేం లోటు లేదు. నాకు టీ అంటే అంత ఇష్టం లేదు.

ఇప్పుడు ఆ వరసలోంచి ఒక గ్లాసు తగ్గింది. చెయ్యి మాత్రం అలవాటుగా అయిదు గ్లాసులు తీస్తోంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

అత్త మధ్యాహ్నాలు మేడెక్కుతోంది. మోకాళ్ల నొప్పులని దేవుడి గదిలోకి కూడా గోడ పట్టుకుని నడిచే మనిషి. ఎందుకని అడిగితే ఒడియాలకి కాకులు రాకుండా కాపలా అంది. నేను ఒడియాలు పెట్టింది నిన్ననే. అత్త పోయిన వారం నుంచీ ఎక్కుతోంది.

ఎండ మోకాళ్లకి మంచిదేలే.

ఫిబ్రవరి 20, గురువారం

పైనుంచి నవ్వులు వినిపించాయి. అత్త అంత గట్టిగా నవ్వడం ఈ మధ్య వినలేదు. ఒడియాలు ఎండిపోయాయి, తీసి డబ్బాలో పోసేశాను కూడా.

ఫిబ్రవరి 27, గురువారం

నిన్న శివరాత్రి. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి ముట్టించం. ఏ ఒక్కరికీ మినహాయింపు లేదు, టీ చుక్క కూడా ఉండదు. నేనూ ఈయనా రామతీర్థం వెళ్లి జనంలో నలిగి వచ్చేసరికి సాయంత్రమైంది. అరుణశ్రీది పగలు డ్యూటీ. అత్త ఒక్కతే ఇంట్లో ఉంది.

మెట్ల దగ్గరే మాడు వాసన వచ్చింది. పైకెళ్తే కెటిల్ అడుగున పాలు నల్లగా అంటుకుని ఉన్నాయి. మీట నొక్కితే లైటు వెలగదు. అరుణశ్రీ వచ్చి చూసింది. పొద్దున్న హడావుడిలో తనే ఏదో పొరపాటు చేసి ఉంటానంది. శివరాత్రినాడు పైన టీ పెట్టుకుందని నేను మనసులో అనుకున్నాను. పైకి మాత్రం అయ్యో అన్నాను.

అయ్యో అనేటప్పుడు నాకు సంతోషంగా ఉంది. ఇక్కడ రాయడానికి సిగ్గెందుకు, చాలా సంతోషంగా ఉంది. ఈ పొద్దున్న ఎవరూ అడక్కుండానే కొబ్బరిపచ్చడి నూరాను. అయిదు గ్లాసులూ తీశాను. అయిదింటికీ టీ పోశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

సంతోషం ఇంకా ఉంది.

మార్చి 2, ఆదివారం

కొంచెం తగ్గింది. అరుణశ్రీ ఫ్లాస్కు టీ సింకులో పారబోస్తోంది. నేను చూడలేదనుకుంటోంది.

మార్చి 4, మంగళవారం

ఈరోజు మధ్యాహ్నం వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. అత్త ఉన్నట్టుండి "ఆ కెటిల్ మాడబెట్టింది నానే" అంది.

గింజ బదులు చింతపండే గింజల గిన్నెలో పడేశాను.

శివరాత్రినాడు ఒంటరిగా ఉంటే నీరసం వచ్చిందట. టీ తాగకపోతే కళ్లు తిరిగాయట. చిన్న గ్లాసుతో పాలు పట్టుకుని మేడెక్కిందట. "పొయ్యి ముట్టించకూడదన్నారు గానీ అది పొయ్యి కాదు కదే. పాలు పోసీసి, టీ పొడుం ఏసీసి నొక్కీసినాను. పొంగిపోయి, మాడిపోనాది" అంది. రోజూ అరుణశ్రీ ఎలా చేస్తుందో చూస్తూనే ఉందట, కానీ అందులో నీళ్లు మాత్రమే మరగబెట్టి, పాలపొడి గ్లాసుల్లో కలుపుతుందని గమనించలేదట. పాపం ఆ పిల్లకి చెప్తే ఏమీ అనలేదట, ఈశ్వరక్కకి, అంటే నాకు, చెప్పొద్దులే అత్తా అందట.

రోజూ. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఒడియాల కాపలా అంటే ఇదన్నమాట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు.

నేను గట్టిగానే అడిగాను. ఇరవై ఏళ్లుగా పొద్దున్నా సాయంత్రం మీకు టీ ఇస్తున్నాను, అందులో ఏం తక్కువైందని మేడెక్కారు అని.

అత్త చింతపండు వైపే చూస్తూ, నెమ్మదిగా చెప్పింది.

"నీ టీకి వంకేటి నేదు. నువ్వు నిలబడి ఇస్తావు, నిలబడే ఎలిపోతావు. ఆ పిల్ల కూకోబెట్టి ఇస్తాది. అదీ కూకుంటాది. ఇన్నేళ్లలో ఒక్కరోజన్నా నా దగ్గిర కూకుని తాగినావేటి?"

నాకు పని ఉంటుంది అన్నాను.

"ఉంటాది" అంది అత్త.

మార్చి 5, బుధవారం

కోపం తగ్గలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇది పొరుగిల్లు కూడా కాదు.

మార్చి 6, గురువారం

నేను కూర్చుంటే అట్లు ఎవరు తిప్పుతారు? ఈయనకి క్యారేజీ ఎవరు కడతారు? పాలవాడొస్తే గిన్నె ఎవరు పడతారు? కూర్చోమని ఈ ఇంట్లో ఎవరైనా అన్నారా?

ఎవరూ అనలేదు. నేనే కూర్చోలేదో, కూర్చోనివ్వలేదో, ఇప్పుడు తెలియడం లేదు.

మార్చి 7, శుక్రవారం

అత్తని అడిగేశాను. మరి నా పూచీ అన్నారు కదా, చిన్నకోడలు నిప్పు అడిగే రోజు రాకూడదన్నారు కదా, పైన పొయ్యి పెట్టుకుంటే మీరెలా వెళ్లి తాగారు అని. ఇరవై ఏళ్ల కిందటి మాట నేను పట్టుకుని ఉన్నానని ఆవిడకి అప్పుడే తెలిసినట్టుంది. నోరు తెరిచి నా మొహం చూసింది.

"ఎర్రిదానా, నిప్పు నేని పొయ్యి పొయ్యేటే? దానికోసరమా నువ్వు ఈ నెల్లాళ్లూ మొహం ముడుసుకుని తిరిగినావు?"

ఆవిడకి అంత తేలిక. ఏదీ ఒకేసారి పొయ్యి అయిపోదు. మా పుట్టింట్లో గోడ కూడా ఒక్కరోజులో లేవలేదు.

మార్చి 10, సోమవారం

నవీన్ వంటింట్లోకి వచ్చాడు. అరుణశ్రీకి ఇంకో కెటిల్ కొనాలట. మొదటిది ఫోన్లో బొమ్మ చూసి తెప్పించారు కాబట్టి అలా తగలడిందట. ఈసారి కొట్టుకి వెళ్లి, పట్టుకుని చూసి, మన్నే వస్తువు తీసుకోవాలట.

"వదినా, నువ్వు రావాల. గిన్నెలూ సామాన్లూ నీకు తెలిసినట్టు మాకు తెల్దు" అన్నాడు.

నన్నే అడిగాడు. ఎక్కువ కాలం మన్నే కెటిల్‌ని నన్నే ఎంచమంటున్నారు.

వస్తానన్నాను. ఎందుకన్నానో మాత్రం ఇక్కడ కూడా రాయను.

మార్చి 12, బుధవారం

రాయకపోతే ఊరుకునేలా లేను. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే బస్సెక్కి విజయనగరం వెళ్లాను. అరుణశ్రీ రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా ఒక పెద్దాయన దగ్గరే ఉందట, తెల్లారగట్ల పోయాడట. ఏమైనా తిన్నావా అంటే, ఇంటికెళ్లి టీ తాగాలనుంది అక్కా అంది. ఆటోలో నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. గంటస్తంభం దగ్గర లేపాను.

గిరిబాబుగారి కొట్టు మాకు పాతదే. నా పెళ్లికి గుండిగలు కూడా అక్కడే కొన్నారు. కెటిల్ అనగానే ఆయన ఒక గాజుది తీసి బల్ల మీద పెట్టాడు. నీళ్లు పోసి నొక్కితే లోపల నీలం దీపం వెలిగింది. బుడగలు నీలంగా పైకి లేస్తుంటే అరుణశ్రీ నిద్రమొహం వెలిగిపోయింది. చిన్నపిల్లలా చూసింది.

నేను దాన్ని ఎత్తి చూశాను. ఎత్తి చూడగానే తెలిసిపోయింది. గాజుకీ అడుక్కీ అతుకు దగ్గర జిగురు కనిపిస్తోంది. మూత మడత సన్నటి ప్లాస్టిక్కు. మూత తీసి వాసన చూస్తే లోపల కొత్త చెప్పుల వాసన. మా బోరు నీళ్లకి ఏ గిన్నెకైనా తెల్లగా సున్నం పట్టేస్తుంది. ఈ గాజు నెల తిరిగేసరికి మసకబారుతుంది, ఆ అతుకు వర్షాకాలం దాకా ఆగదు.

"ఎలగున్నాదక్కా?" అంది అరుణశ్రీ. నేను పలక్కపోయేసరికి తనే అంది, "నాకు ఇయ్యేటీ తెల్దు. నువ్వు బాగున్నాదంటే తీసుకుంటాను. ఇది కూడా పాడైపోతే మరి కొనను. నాకు రాసి పెట్టి నేదనుకుని ఫ్లాస్కుదే తాగుతాను."

ఇంకేం కావాలి నాకు? బాగుందంటే చాలు. వర్షాకాలానికల్లా మేడ మీద ఆ కథ ముగిసిపోతుంది. అయిదు గ్లాసులూ నా గట్టు మీదకే వస్తాయి. నా పూచీ నిలుస్తుంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, చూడ్డానికి అది నిజంగానే బాగుంది.

బాగుందన్నాను.

గిరిబాబుగారు అట్టపెట్టె తెరిచాడు. అరుణశ్రీ గల్లాబల్ల మీద మోచేతులు ఆన్చి మళ్లీ కళ్లు మూసుకుంది. తన చేతి మీద సూది మందు మరకో ఏదో పసుపుగా ఉంది. రాత్రంతా ఎవరో పోయే మనిషి దగ్గర కూర్చుని వచ్చిన పిల్ల. దానికి కావలసింది ఒక గ్లాసు వేడి టీ. అది దొరక్కుండా చెయ్యడానికి నేను పొద్దున్నే తలంటుకుని, బస్సెక్కి, ఇంత దూరం వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంట్లో పుచ్చు వంకాయ కూడా ఒకరి కంచంలో వెయ్యను నేను.

ఆగండి గిరిబాబుగారూ అన్నాను. ఇది వద్దు, ఆ పై అరలో వెనకున్నది దించండి అన్నాను.

అది చూడ్డానికి మొద్దుగా ఉంటుందమ్మా, ఎవరూ అడగరు అన్నాడాయన. దించాడు. స్టీలుది. ఎత్తితే బరువుంది. లోపల అంచు నుంచి అడుగు దాకా అతుకు లేని ఒకటే రేకు. వేడెక్కే తీగచుట్ట నీళ్లకి తగలకుండా అడుగు కింద దాగి ఉంది. మూత మడత కూడా స్టీలే. వేలి మెటికతో కొడితే మందంగా పలికింది. మూడుసార్లు మరగబెట్టించాను. మూడుసార్లూ నీళ్లు మరగగానే మీట దానంతటదే పడింది. ఖాళీ కెటిల్ పెట్టి నొక్కమంటే ఆయన జంకాడు, అయినా నొక్కించాను. ఠక్కున ఆగిపోయింది. కరెంటు తీగ ఉన్న కింది పీట పాడైతే పీట ఒక్కటే దొరుకుతుందా అని అడిగాను. దొరుకుతుందన్నాడు.

"దీపం ఎలగదేటక్కా?" అంది అరుణశ్రీ.

"ఎలగదు. నీ పిల్లలు కూడా దీన్లో టీ తాగుతారు, ఇదే తీసుకో" అన్నాను.

ఆ మాట అన్నాక నా ఒళ్లు తేలికపడింది, దిగులూ పడింది. రెండూ ఒకేసారి.

చిన్నదా పెద్దదా అన్నాడు గిరిబాబుగారు. ఇద్దరికైతే చిన్నది చాలన్నాడు. అరుణశ్రీ ఆవులిస్తూనే పెద్దదన్నది. ఇద్దరికి అంతెందుకు అన్నాను నేను.

"ఇద్దరికేటి? అత్త వస్తాది కదా. నువ్వూ వస్తావని."

నాకు టీ అంటే అంత ఇష్టం లేదన్నాను.

తను నవ్వింది. గిరిబాబుగారు పెట్టె కడుతూ ఒక మాట చెప్పాడు. ఎంత గట్టిదైనా సరే, ఇందులో పాలు పోస్తే మాత్రం ఉండదు, నీళ్లే పొయ్యాలి, పాలు వేరే పొయ్యి మీద కాచుకోవాలి అన్నాడు.

పాలు కాచేది నా పొయ్యి మీదే. ఇంట్లో వేరే పొయ్యి లేదు.

మార్చి 13, గురువారం

ఈయనకి చెప్పాను, మంచి కెటిల్ దొరికిందని. ఊఁ అన్నారు.

మార్చి 16, ఆదివారం

పొద్దున్న సబ్బు పెట్టి కడగొద్దని, వారానికొకసారి చింతపండు వేసి నీళ్లు మరగబెడితే సున్నం పోతుందని చెప్పడానికి మేడెక్కాను. చెప్పి దిగిపోయాను. సాయంత్రం అత్త అడిగింది, ఇక పాలపొడి వద్దు, పాలు పైకి ఎవరు తెస్తారు అని. ఆవిడ మోకాళ్లకి చెంబుతో మెట్లెక్కడం కుదరదు. అరుణశ్రీ కిందకి వస్తానంది. నేనే తెస్తానన్నాను. పాలు పొంగకుండా కాచి, చెంబులో పోసి, మూతపెట్టి తీసుకెళ్లాను.

పాలు ఇచ్చి దిగిపోదామనే వెళ్లాను. అత్త మంచం మీద జరిగి పక్కన చేత్తో తట్టింది. కూర్చున్నాను. కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కెటిల్ గుర్రుమంటోంది. అది ఆగేలోపే చెప్పెయ్యాలనిపించి అరుణశ్రీతో చెప్పేశాను. మీరు వేరు పడతారేమోనని నాకు భయం వేసింది, ఈ కెటిల్ వచ్చిన రోజు నుంచీ అదే భయం, మొన్న కొట్టులో కూడా కావాలనే పాడైపోయేదానికి ఒప్పుకోబోయాను అన్నాను. అత్త నా మొహం చూసింది. అరుణశ్రీ టీ పొడి చెంచా డబ్బాలో పెట్టేసి నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడాల్సిందే కూడా.

"నాను సూసినాను అక్కా. నువ్వు దాని వాసన సూసి మొహం తిప్పుకున్నావు, మళ్లీ బాగున్నాదన్నావు" అంది. "ఆగండి అంటావని కళ్లు మూసుకుని కూకున్నాను."

నేను చెంబు మూత తీసి మళ్లీ పెట్టాను.

"రేపేటవుతాదో నాకూ తెల్దు. ఆయనకి దూరం ఉద్యోగం వస్తే ఎల్తాం, రాకపోతే నేదు. గానీ టీ కోసరం మాత్రం ఇల్లు ఇడిసిపోను" అంది.

ఎప్పటికీ వేరు పడమని అనలేదు. అంటే నేను నమ్మేదాన్ని కాదు. ఈ మాటయితే నమ్మాను.

మీట ఠక్కున పడింది. తను మూడు గ్లాసులు వరసగా పెట్టి, టీ పొడి మీద నీళ్లు పోసి, వడగట్టి, నేను తెచ్చిన పాలు కలిపింది. మొదటి గ్లాసు తీసి నాకిచ్చింది. అలవాటుగా అత్తకి అందించబోయాను. తాగే, అంది అత్త.

వేడి చూసుకోకుండా ఎప్పటిలాగే ఒక్క గుక్కలో తాగబోయాను. నాలుక కాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అత్త నవ్వింది, అరుణశ్రీ చన్నీళ్ల కోసం పరిగెత్తింది.

ఇరవై ఏళ్లుగా రోజూ టీ పెడుతున్నాను. టీకి నా నాలుక కాలడం ఇదే మొదటిసారి.

నాకు టీ అంటే ఇష్టమే.